రౌతు కొద్దీ గుర్రం... చెయ్యి కొద్దీ రౌతు

గుర్రం మీద శివాజీ బొమ్మ తెలియనివారు ఉండరు. ఆ ముఖం మనదాకా వచ్చిన దారి మాత్రం చాలామందికి తెలియదు. ఆ దారి తాపీ ఒడ్డున మొదలై, గోల్కొండ బజారును తాకి, హాలండు రాగిరేకుల మీదుగా మళ్లీ మన వీధిలోకే వచ్చింది.

గుజరాత్‌లోని కామ్‌రేజ్ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడండి. ముంబయి నుంచి అహ్మదాబాద్ వెళ్లే 48వ నంబరు జాతీయ రహదారి అది. లారీలు, బస్సులు, కార్లు తెంపు లేకుండా సాగుతుంటాయి. మహారాష్ట్ర నంబరు ప్లేటున్న కారు ఒకటి ముందుకు వెళ్తుంది. దాని వెనక అద్దం మీద గుర్రమెక్కిన శివాజీ. తలపాగా, కోసుగా దిగిన గడ్డం, గద్దముక్కు, దూరాన్ని కొలుస్తున్నట్టున్న కన్ను. పేరు రాయనక్కర్లేదు. ఆ అంచు గీత కనబడితే చాలు, చిన్నపిల్లలు కూడా ఎవరో చెప్పేస్తారు.

ఫొటో అనేదే లేని కాలపు మనిషి ఆయన. 1630లో పుట్టి 1680లో కన్నుమూశాడు. మరి ఆ ముఖం ఇలాగే ఉండేదని ఇంత మందికి ఎలా తెలిసింది? ఎవరు చూశారు, ఎవరు గీశారు, ఎవరు చెక్కారు? ఈ ప్రశ్న అడగడానికి కామ్‌రేజ్ కంటే తగిన చోటు లేదు. ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఇదే తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్‌లోనే పరదేశీయులు ఆ రౌతు రూపాన్ని తొలిసారి మాటల్లో పెట్టారు. ఆ ముఖాన్ని రంగుల్లో నిలిపింది మాత్రం మన గోల్కొండ.

లోహం మీద రాజు

కామ్‌రేజ్ ఇవాళ సూరత్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. దారిన పోయేవారికి ఒక వంతెన, ఒక టోల్‌గేటు. కానీ సూరత్ కంటే ఈ ఊరు చాలా పాతది. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే సముద్ర ప్రయాణ గ్రంథంలో కమ్మోని అనే ఊరి ప్రస్తావన ఉంది. అది ఈ కామ్‌రేజే అంటారు పండితులు. 2003లో ఇక్కడ జరిగిన తవ్వకాల్లో పాతకాలపు రేవు ఊరి ఆనవాళ్లు బయటపడ్డాయి.

అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలింది పశ్చిమ క్షాత్రపులు. వారిలో నహపానుడు వెండి నాణేల మీద తన ముఖాన్ని అచ్చు వేయించాడు. అచ్చుదిమ్మె మీద రాజు ముఖాన్ని ఒక పనివాడు చెక్కితేనే ఆ నాణెం పుట్టింది. మన శాతవాహన గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నహపానుణ్ని ఓడించి, అతని నాణేల మీదే తన ముద్ర మళ్లీ కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరికిన రాశిలో 13,000కు పైగా నాణేలుంటే, వాటిలో 9,000కు పైగా ఇలా తిరగముద్ర పడినవే. ఒక రాజు ముఖం మీద మరో రాజు గుర్తు! యుద్ధం ఎవరు గెలిచారో ఊరూరా చాటింది ఆ వెండి బిళ్లలే.

తరవాత రాగి వచ్చింది. ఏడో శతాబ్దం నాటి చాళుక్యుల తామ్ర శాసనాల్లో ఈ ప్రాంతం పేరు 'కార్మణేయ ఆహారం'. ఆహారం అంటే అప్పటి పాలనా విభాగం. ఆ రాగిరేకులు వేయించినవారు బాదామి చాళుక్యుల గుజరాత్ శాఖ. అదే వంశంలో మరో శాఖ వేంగిలో మనల్ని ఏలింది. గోదావరి ఒడ్డునా తాపీ ఒడ్డునా దాయాదులే రాగిరేకుల మీద దానాలు చెక్కించారన్నమాట. అప్పటికి రాగి మీద రాజు పేరే ఉంది. రాజు ముఖం రాగికెక్కి, అక్కడి నుంచి కాగితం మీదికి దిగడానికి ఇంకా వెయ్యేళ్లు పట్టింది.

1664 జనవరి, సూరత్

రేవు కామ్‌రేజ్ నుంచి కిందికి, సముద్రం వైపు జరిగింది. పదిహేడో శతాబ్దానికి సూరత్ మొగలుల పెద్ద రేవు. హజ్ యాత్రికులు ఓడ ఎక్కేది ఇక్కడే. ఆంగ్లేయులకూ డచ్చివారికీ ఇక్కడ కోఠీలుండేవి. వీర్జీ వోరా వంటి వర్తకుడి సంపద గురించి దేశాంతరాల్లో చెప్పుకునేవారు. ఇంత ధనమున్న ఊరికి చుట్టూ గట్టి గోడ లేదు.

1664 జనవరి మొదటి వారంలో శివాజీ అశ్వదళం బుర్హాన్‌పూర్ ద్వారం బయట దిగింది. నగర పాలకుడు ఇనాయత్ ఖాన్ కోటలో తలుపు వేసుకున్నాడు. నాలుగైదు రోజులు ఊరు కాలింది, దోపిడీ అయింది. వీర్జీ వోరా మేడ ఖాళీ అయింది. ఆంగ్లేయుల కోఠీని జార్జ్ ఆక్సెండెన్, ఆయన మనుషులు కాపాడుకున్నారు. కపూచిన్ సన్యాసి ఫాదర్ ఆంబ్రోజ్ నివాసం జోలికి వెళ్లవద్దని శివాజీ ఆజ్ఞ ఇచ్చాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. దానధర్మాలు చేసి పేరు తెచ్చుకుని, అప్పటికే చనిపోయిన డచ్చివారి దళారి ఒకాయన ఇంటినీ ముట్టుకోలేదట. పదో తేదీన దళం వెళ్లిపోయింది. 1670 అక్టోబరులో మళ్లీ వచ్చింది.

ఆ భయంలో ఉన్న సూరత్ నుంచే శివాజీ రూపం మాటల్లో బయటికి వచ్చింది. ఆంగ్లేయుల కోఠీలో మతగురువుగా ఉన్న ఎస్కేలియట్ అదే జనవరిలో ఇంగ్లండుకు ఒక ఉత్తరం రాశాడు. చూసినవారు చెప్పగా విన్నది అందులో పెట్టాడు: మనిషి పొట్టి, నిటారుగా ఉంటాడు, చురుకైన చూపు, మాట్లాడితే నవ్వుతున్నట్టుంటుంది, తన వాళ్లందరికంటే తెల్లన. రెండేళ్ల తరవాత సూరత్ చేరిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో కూడా పొట్టివాడనే, కళ్లలో తెలివి మెరుస్తుందనే రాశాడు. ఒంటి రంగు దగ్గర మాత్రం చామనఛాయ అన్నాడు. రంగులో ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఎత్తులో, కంటిలో కుదిరింది. ఇవాళ మనం చూసే బొమ్మల్లో ముందుగా పట్టుకునేది ఆ కన్నే కదా!

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సూరత్ చూసినప్పటికి శివాజీకి పట్టాభిషేకం కాలేదు. రాయగఢ్‌లో కిరీటధారణ జరిగింది 1674 జూన్ 6న. అంటే సూరత్‌వారు చూసింది రాజును కాదు, రౌతును.

గోల్కొండ బజారులో ఒక ముఖం

రాజుగా ఆయన్ను చూసింది మన హైదరాబాదు. 1677లో దక్షిణాది దండయాత్రకు వెళ్తూ శివాజీ గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషాను కలిశాడు. ఆ స్నేహానికి వెనక ఉండి దారి వేసినవారు సుల్తాను మంత్రులు అక్కన్న మాదన్నలు. రామదాసు కథ వల్ల మన ఇళ్లలో ఇప్పటికీ వినబడే పేర్లే అవి. కొన్ని వారాలు ఆతిథ్యం పొంది, ఒప్పందం కుదుర్చుకుని, శివాజీ శ్రీశైలం వెళ్లాడు. మల్లన్న సన్నిధిలో రోజుల తరబడి ఉండిపోయాడు. శ్రీశైలం ఆలయ ఉత్తర గోపురాన్ని ఈనాటికీ శివాజీ గోపురమనే పిలుస్తారు.

అప్పటి గోల్కొండలో చిత్రకారులు సుల్తాను కోసమే పని చేసేవారు కాదు. మచిలీపట్నం నుంచి, పాలకొల్లు నుంచి వచ్చే డచ్చి వర్తకులు బొమ్మలు కొనేవారు. తైమూరు వంశపు పాదుషాలు, దక్కను సుల్తానులు, మంత్రులు, సేనానులు... వరసగా ఒక్కొక్కరి బొమ్మ గీసి, కట్టగట్టి అమ్మేవారు. ఈ దేశంలో ఎవరు ఎవరో ఐరోపాలో ఉన్నవారికి తెలిపే పటాలవి. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి చాలాసార్లు మేయరుగా చేసిన నికొలాస్ విట్సెన్ సంపాదించిన అలాంటి సంపుటి ఇప్పుడు ఆ నగరంలోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. సుమారు 1686లో గోల్కొండలో తయారైన ఆ సంపుటిలో 49 బొమ్మలు. వాటిలో ఒకటి శివాజీది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ గోల్కొండ శైలి శివాజీ ఉన్నాడు.

ఆ బొమ్మల్లో ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. బంగారు చాయల తలపాగా, సన్నని గడ్డం. కోపం లేదు, గర్జన లేదు. నిమ్మళంగా ఉన్న మనిషి. అది గీసిన చేతి పేరు మనకు దక్కలేదు. సంతకం చేసే అలవాటు ఆ బజారుకు లేదు. కానీ ఆ చెయ్యి తెలుగు నేల మీద తిరిగిన చెయ్యి. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక ఆ చిత్రశాలల వెలుగు ఆరిపోయింది. దీపం ఆరిపోయే ముందు గీసిన ముఖాలవి.

వెనీసు మనిషి, గుర్రమెక్కిన శివాజీ

మరి గుర్రం సంగతి? దానికి నికొలావ్ మనూచీ దగ్గరికి వెళ్లాలి. వెనీసు నుంచి కుర్రతనంలోనే మన దేశానికి వచ్చి, ఇక్కడే ముసలివాడై పోయిన మనిషి. మొగలు సేనాని రాజా జయసింగ్ సైన్యంలో ఫిరంగుల పని చూస్తూ, 1665లో పురందర్ సంధి రోజుల్లో శివాజీని ముఖాముఖి చూసి మాట్లాడాడు. ఆ తరవాత గోల్కొండలోనూ గడిపి, 1686లో అక్కడి నుంచి తప్పించుకుని మద్రాసు చేరాడు.

తాను రాయబోయే మొగలుల చరిత్రకు బొమ్మలు కావాలనుకున్నాడు మనూచీ. పాదుషా ఔరంగజేబు కొడుకు షా ఆలం కొలువులో ఉన్న మీర్ మహమ్మద్ అనే మిత్రుడి చేత గీయించాడు. చిత్రకారుడి పేరు నిలిచిన అరుదైన సందర్భమిది. ఆ సంపుటిలో శివాజీ గుర్రం మీద ఉన్నాడు, చుట్టూ ఆయుధాలు పట్టిన కాల్బలం నడుస్తోంది. ఇవాళ పారిస్‌లో ఫ్రెంచి జాతీయ గ్రంథాలయంలో ఉంది ఆ బొమ్మ. శివాజీని ఎదురుగా చూసిన ఒక మనిషి, ఆయన్ను గుర్రం మీదే గీయించాలనుకోవడం గమనించదగిన విషయం.  ఈయన గుర్తు గుర్రమే.

రాగిరేకు చేసే మాయ

రంగుల బొమ్మ ఒక్కటే ఉంటుంది. దాన్ని వెయ్యి ఇళ్లకు చేర్చాలంటే అచ్చు కావాలి. నునుపు చేసిన రాగిరేకు మీద ముందు బొమ్మ గీతను దింపుతారు. మొన వాడిగా ఉన్న ఉక్కు ఉలిని అరచేత్తో నెడుతూ ఆ గీత వెంట సన్నని చాళ్లు తీస్తారు. నీడ కావాలంటే గీతలు దగ్గర దగ్గరగా, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. తరవాత సిరా పూసి, పైపైన తుడిచేస్తే చాళ్లలో మాత్రమే సిరా నిలుస్తుంది. తడిపిన కాగితం పరిచి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే ఆ చాళ్లలోని సిరా కాగితానికి వచ్చేస్తుంది. నాగలి చాలు మనకు తెలుసు. ఇది రాగి మీద దున్నకం.

ఈ పనిలో ఒక తమాషా ఉంది. రేకు మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి అద్దం పట్టినట్టు తిరగబడి పడుతుంది. కుడికి చూస్తున్న రాజు ఎడమకు తిరుగుతాడు. కుడిచేతి కత్తి ఎడమచేతికి మారుతుంది. జాగ్రత్తగల పనివాడు ముందే బొమ్మను తిప్పి చెక్కుతాడు. తొందరలో ఉన్నవాడు అలాగే వదిలేస్తాడు. ఇక గోల్కొండ చిత్రకారుడు నీడలు వేయడు, చదునైన రంగులో ముఖాన్ని నిలబెడతాడు. ఐరోపా చెక్కడపు పనివాడి కంటికి నీడ లేని ముఖం ఆనదు. బుగ్గ కింద గీతలు కొడతాడు, కన్నుకు లోతు తెస్తాడు. అలా ప్రతి చెయ్యీ తన ఊరి అలవాటును ఆ ముఖంలో కొంత కలిపింది.

డేనియల్ హావార్ట్ అనే డచ్చి ఉద్యోగి గోల్కొండ రాజ్యంలో ఏళ్ల తరబడి ఉండి, 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కోరమాండల్ తీరం మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1724 నుంచి 1726 మధ్య ఫ్రాన్సువా వాలెంటైన్ తెచ్చిన తూర్పు దేశాల మహాగ్రంథం ఇంకా పెద్దది. దాని రాగిరేకు అచ్చుల్లో మొగలు పాదుషాలతోపాటు శివాజీ ముఖమూ ఉంది. తాపీ ఒడ్డున భయంతో చెప్పుకున్న పేరు, గోల్కొండలో రంగు పూసుకున్న ముఖం, అరవై ఏళ్ల తరవాత హాలండులో చలిమంట పక్కన చదివే పుస్తకంలో పేజీ అయింది.

తప్పు ముఖం, ఒప్పు ముఖం

ఇంత జరిగినా, మన దేశంలో చాలాకాలం శివాజీ పేరుతో తిరిగిన ఒక బొమ్మ వేరే మనిషిది. ఇబ్రహీం ఖాన్ అనే వ్యక్తి చిత్రం శివాజీదిగా చలామణి అయింది. మరాఠీ చరిత్ర పరిశోధకుడు వాసుదేవ సీతారాం బేంద్రే ఆ పొరపాటును బయటపెట్టారు. మెకంజీ సేకరణను శోధిస్తుండగా వాలెంటైన్‌కు చెందిన డచ్చి రాతతోపాటు శివాజీ చిత్రం ఆయన కంటపడింది. సూరత్‌లో డచ్చి అధికారితో శివాజీ భేటీకి ముడిపెట్టి చెప్పే ఆ చిత్రాన్ని 1933లో ఆయన లోకానికి చూపించారు. అప్పటి నుంచే బడి పుస్తకాల్లోకి, క్యాలెండర్లలోకి ఆ ముఖం వచ్చింది.

మెకంజీ పేరు వినగానే తెలుగువారి గుండె ఒకసారి కొట్టుకోవాలి. ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు సేకరించిన కల్నల్ కాలిన్ మెకంజీయే ఆయన. ఆయన వెంట ఊరూరా తిరిగి శాసనాలు చదివి, కరణాలతో మాట్లాడి, ఆ సేకరణకు ఊపిరి పోసినవారు ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఆ డచ్చి కాగితం వారు తెచ్చిందని అనడం లేదు. అలాంటి కాగితాలను పారేయకుండా దాచే ఒక గొప్ప అలవాటుకు పునాది వేసినవారిలో వారున్నారని చెబుతున్నాను.

కాగితం నుంచి కంచు దాకా

పంతొమ్మిదో శతాబ్దం చివర రాజా రవివర్మ గుర్రం మీద శివాజీని చిత్రించారు. 1894లో మొదలైన ఆయన ముద్రణాలయం ఓలియోగ్రాఫులనే రంగుల అచ్చు బొమ్మలను దేశమంతా పంచింది. లక్ష్మీ సరస్వతుల పక్కన గోడకు వేలాడే చోటు ఆ రౌతుకూ దక్కింది. తరవాత కాగితం కంచుగా మారింది. పూణేలో శిల్పి కర్మార్కర్ పోతపోసిన గుర్రపు విగ్రహం 1928లో నిలిచింది. ముంబయి గేట్‌వే ఎదుట 1961 జనవరి 26న మరొకటి. ఇక ఊరూరా కూడళ్లలో లేచిన గుర్రాలకు లెక్కలేదు.

రౌతు కొద్దీ గుర్రం అన్నారు మన పెద్దలు. బొమ్మల దగ్గర ఆ సామెతను ఇంకో మెట్టు ఎక్కించాలి. చెయ్యి కొద్దీ రౌతు. గోల్కొండ చెయ్యి గీస్తే నిమ్మళంగా ఉన్నాడు. హాలండు ఉలి తగిలితే ముఖంలో నీడలు చేరాయి. రవివర్మ కుంచెలో దేవుడి పటాల సరసన నిలిచాడు. కంచులో గుర్రం ముందుకాళ్లు లేపింది. కారు అద్దం మీద ముఖం పోయి నల్లని అంచు మిగిలింది. చేయి మారిన ప్రతిసారీ మనిషి కొంత తగ్గి, గుర్తు కొంత పెరిగింది.

మూడు ద్వారాల ముందు ఒక్క రౌతు

మహారాష్ట్రకు ఆయన స్వరాజ్యం స్థాపించిన ఛత్రపతి. సూరత్ జ్ఞాపకంలో బుర్హాన్‌పూర్ ద్వారం ముందు దిగిన దళం, కాలిన వీధులు. తెలుగువారికి హైదరాబాదులో అతిథి, శ్రీశైలంలో భక్తుడు. ఈ మూడూ నిజాలే. ఒకదాన్ని నిలబెట్టడానికి మిగతా రెంటినీ చెరిపేయనక్కర్లేదు. పాత చెక్కుడు బొమ్మ విలువంతా అక్కడే ఉందని నా నమ్మకం. జయజయధ్వానాలు మొదలుకాకముందు గీసిన ముఖం అది. పూజించమనదు, ద్వేషించమనదు. చూడమంటుంది.

సూరత్‌లో ఈ మాట చెప్పుకోవడానికి మనకు మరో హక్కూ ఉంది. ఆ రోజుల్లో సూరత్ నుంచి గోల్కొండకు బార్డోలి, వ్యారా, నవాపూర్ మీదుగా వచ్చే బాటను వజ్రాల వర్తకుడు తవెర్నియే మజిలీలతో సహా రాసిపెట్టాడు. ఇంచుమించు అదే దారిన, ఎదురు దిశలో, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు మగ్గాన్ని నమ్ముకుని సూరత్ చేరారు. లింబాయత్, ఉధనా వీధుల్లో తెలుగు వినబడుతుంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ బడిలో కూర్చున్న పిల్లవాడికి సూరత్ చరిత్రా తనదే, గోల్కొండ చరిత్రా తనదే. ఆ రెంటినీ కలిపే ఒక్క బొమ్మ ఆ తరగతి గోడ మీద ఉండాలి.

అది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రైక్స్‌మ్యూజియం తన సేకరణలోని చిత్రాలను అంతర్జాలంలో ఉచితంగా ఇస్తోంది. మన మ్యూజియాలు గోల్కొండ బొమ్మల నిలువెత్తు ప్రతులు తీయించి హైదరాబాదులో, మచిలీపట్నంలో, శ్రీశైలంలో పెట్టాలి. కింద 'గీసినది: గోల్కొండ చిత్రకారుడు' అని తెలుగులో రాయాలి. పేరు తెలియకపోయినా ఊరు తెలుసు. ఆ ఊరి పేరైనా ఆ చేతికి దక్కాలి. సూరత్ తెలుగు సంఘాలు పూనుకుంటే ఒక చిన్న ప్రదర్శన అక్కడి బడుల్లోనే మొదలుపెట్టవచ్చు.

ఈసారి ఏ కూడలిలోనైనా, ఏ కారు అద్దం మీదైనా గుర్రం మీది రాజు కనబడితే ఒక్క క్షణం ఆగండి. రౌతును చూడండి, గుర్రాన్ని చూడండి. ఆ తరవాత, కనబడని ఆ చేతికి ఒక నమస్కారం పెట్టండి.